అయిదుగురు కొడుకులు, ఏడు గింజలు

దయ్యాలు, ఆత్మలు, పూనకాలు, వీటిలో ఏ ఒక్కటీ నేను నమ్మను. ఇప్పుడు కూడా నమ్మననే అంటాను, కాకపోతే గొంతు కొంచెం తగ్గించి అంటాను. మస్కట్‌లో మావాళ్లు నలుగురు చేరి ఎవరైనా దయ్యం సంగతి ఎత్తితే, "దానికి బతాకా ఉందా?" అని అడిగేదాన్ని. బతాకా అంటే ఇక్కడ మా అందరి జేబుల్లో ఉండే గుర్తింపు కార్డు. అది లేకపోతే మనిషికే దిక్కులేదు, ఇక దయ్యానికెక్కడిది!

నా ఉద్యోగం కూడా అలాంటిదే. మాది కడప. మస్కట్‌లోనే ఖురం అనే పేటలో ఒక చిన్న క్లినిక్‌లో పదమూడేళ్లుగా రోగుల ఫైళ్లు చూసుకుంటున్నాను. ఒమానీలు పేరు చెప్పమంటే తండ్రి, తాత, ముత్తాత, తెగ అన్నీ కలిపి చెబుతారు. మధ్యలో ఒక్క తాత పేరు తప్పు రాస్తే ఒకరి మందు ఇంకొకరికి పోతుంది. అందుకని కాగితం మీద ఉన్నదే నిజం, లేనిది లేదు అన్న లెక్కకు అలవాటుపడిపోయాను.

ఎలినోర్ మేడం మా క్లినిక్‌కి పంటి నొప్పితో వచ్చింది. అమెరికా ఆవిడ. ఎనభైకి దగ్గర్లో ఉంది. ఇక్కడి కాలేజీలో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక కూడా ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఫారంలో దగ్గరి బంధువు పేరు రాసే చోట గీత కొట్టి ఇచ్చింది. ఖాళీ వదలకూడదు మేడం అన్నాను. "ఖాళీ వదల్లేదమ్మా, ఎవరూ లేరని రాశాను కదా" అని నవ్వింది. ఆ నవ్వుకే నేను పడిపోయాను.

తర్వాత శుక్రవారాలు ఆవిడ ఫ్లాటుకి వెళ్లడం మొదలైంది. పని కోసం కాదు, స్నేహం కోసం. ఆవిడ చేసేది చూస్తుంటే నాకు కాలం తెలిసేది కాదు. ఒక గది నిండా ఫైళ్లు. తన తల్లి, ఆ తల్లి తల్లి, అలా వెనక్కి వెనక్కి, అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు చేతిలో ఉన్న రోజుల దాకా. పెళ్లి రిజిస్టర్లు, చర్చి పుస్తకాలు, వీలునామాలు, అన్నిటి నకళ్లూ ఉన్నాయి. ఒక్కో తరానికి ఒక్కో రంగు ఫైలు. రికార్డుల మనిషిని, నేనే ముక్కున వేలేసుకున్నాను.

ఒకరోజు టీ పెడదామని అలమరలో డబ్బా తీసి మూత తిప్పబోయాను. "నూర్, అది మా అమ్మ" అంది మేడం, ఏమాత్రం కంగారుపడకుండా. డబ్బాను ఉన్నచోటే మెల్లగా పెట్టేశాను. వాళ్ల అమ్మగారి అస్థికలు అవి. ముప్ఫయ్యేళ్లుగా ఏ దేశం వెళ్తే ఆ దేశానికి వెంట తీసుకెళ్తోందట.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. మసాచుసెట్స్‌లో ఒక చిన్న ఊరు. అక్కడ ఒక పాత శ్మశానం ఉంది. తొలినాళ్లలో ఓడ దిగి ఆ ఊరు కట్టిన ఒక కుటుంబం ఆ నేలను తన సంతానం కోసమే రాసి ఇచ్చింది. ఆ వంశమని రుజువు చూపిస్తేనే చోటు. "మనం ఆ ఇంటి వాళ్లం" అని వాళ్ల అమ్మ జీవితమంతా చెబుతూ వచ్చింది. పోయేముందు అక్కడే పెట్టమంది. రుజువు లేదని శ్మశానం కమిటీ వాళ్లు ఒప్పుకోలేదు.

"పుట్టినప్పటి నుంచీ అద్దె ఇళ్లే నూర్. అమ్మకూ అంతే. చివర్లో అయినా సొంత చోట పడుకోవాలని ఉంది, ఇద్దరికీ" అంది.

గల్ఫ్‌లో బతికేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరైనా పోతే ముందు అందరూ అడిగేది "బాడీ ఊరికి ఎప్పుడు పోతుంది?" అనే కదా. నాకు కళ్లు చెమర్చాయి.

చిక్కు ఒక్క చోటే ఉంది. మేడం తల్లి వైపు వెనక్కి వెళ్తే మెర్సీ అనే ఒక ఆడమనిషి దగ్గర దారి ఆగిపోతుంది. ఆమె తల్లిదండ్రులెవరో ఎక్కడా లేదు. ఆ ఊరి రైతు ఒకాయన వీలునామాలో మాత్రం "నా ఇంట పెరిగిన మెర్సీకి ఒక ఆవు, ఒక ఈకల పరుపు" అని ఉంది. ఈ మెర్సీ ఆ పాత కుటుంబంలో పుట్టి, ఎందుకో ఆ రైతు ఇంట పెరిగిందని మేడం అనుమానం. కానీ ఆ వంశం గురించి అచ్చయిన పుస్తకంలో ఆ తరానికి అయిదుగురు కొడుకులే ఉన్నారు. కూతురన్న మాటే లేదు.

డీఎన్ఏ పరీక్ష కూడా చేయించింది. అందులో ఒక రకం తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుందట, కానీ ముందు తరాలకు కూతుళ్ల దారినే పోతుందట. కొడుకుల దగ్గర ఆగిపోతుంది. ఆ ఇంట్లో అందరూ కొడుకులే అయితే, ఆ తల్లి రక్తం ఇప్పుడెవరిలో ఉందని పోల్చి చూస్తారు? రెండేళ్ల కిందే ఫలితం వచ్చినా, అలా మూలన పడి ఉంది.

ఈలోగా మేడం గుండె బలహీనపడింది. వేసవి దాటితే విమానం ఎక్కనివ్వమని డాక్టర్లు తేల్చేశారు. అంటే ఆవిడకు మిగిలింది నాలుగు నెలలు. నాలుగు నెలల్లో రుజువు దొరకాలి. లేదంటే తల్లీ కూతుళ్లిద్దరూ ఎక్కడో ఒక పరాయి చోట మిగిలిపోవాలి.

ఇక్కడ మల్లేశం గురించి చెప్పాలి. జగిత్యాల వైపు పల్లె మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. మొదట బహ్లా అనే ఊరికి కట్టడాల కూలీగా వచ్చి, ఇప్పుడు ఒక తోటపని కంపెనీలో ఉన్నాడు. మేడం ఉండే బిల్డింగులో మొక్కలన్నీ అతని చేతివే. ఆవిడ వరండాలో కరివేపాకు కూడా పెంచాడు. దానిలో సగం మా ఇంటి చారులోకే పోయేది.

బిల్డింగు యజమాని ఒమానీ పెద్దాయన. ఒకసారి సరదాగా తన పూర్తి పేరు, ఆరు తరాలది, మల్లేశం ముందు చెప్పాడు. వారం తర్వాత మల్లేశం ఒక్కటి తప్పకుండా తిరిగి అప్పజెప్పాడు. ఆయన సంబరపడి బుట్టెడు ఖర్జూరాలు ఇచ్చాడు. నేను నోరు వెళ్లబెట్టి, ఇదెట్లా వచ్చిందని అడిగాను.

"మాది వంశాలు చెప్పే కులం అక్కా. మా తాత కాపోళ్ల ఇండ్లల్ల ఏడు తరాలు సదివేటోడు. పుస్తకం లేదు, ఏం లేదు. అంత నోటికే" అన్నాడు. ఆ పనితో పొట్ట నిండక తను తట్ట ఎత్తుకున్నాడట. ఇంత విద్యను కడుపులో పెట్టుకుని మొక్కలకు నీళ్లు పోస్తున్నాడా అనిపించింది నాకు. బతాకాలో మాత్రం అతని వృత్తి 'లేబర్' అని ఉంది.

ఈ సంగతి మేడంతో చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. తన వంశాన్ని కూడా అతని పద్ధతిలో ఒకసారి వినాలని ఉందంది. రుజువు కోసం కాదు, ఊరికే ముచ్చటకి. పెద్ద విద్వాంసుణ్ణి పిలిచినట్టు పిలిచింది. శుక్రవారం మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

పొద్దున పది గంటలు. వరండాలో ఎండ పరుచుకుని ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చీకటిలో ఏదో చూసి భ్రమపడ్డామని అనుకోవద్దని.

అతని తాత పద్ధతి ఇది. ఒక్కో పేరు వినగానే ఒక్కో గింజ పళ్లెంలో పెట్టాలి. తరానికి ఒక వరుస. ఊళ్లో అయితే జొన్నలు. ఇక్కడ మేడం తిన్న ఖర్జూరాల గింజలే దొరికాయి. వాటిని నేనే కడిగి ఆరబెట్టాను. పళ్లెం మత్రా సంతలో మేడం కొన్న రాగిది. గింజ పెట్టిన ప్రతిసారీ టక్కుమని మోగింది. ఏదైనా రికార్డు చేసుకునే అలవాటు మేడంది. ఫోన్ పక్కన పెట్టి నొక్కింది.

నేను ఆ అచ్చు పుస్తకం తీసుకుని పేర్లు చదివాను. పేర్లే, ఎవరి కొడుకు ఎవరో అంతే. పుట్టిన ఏళ్లు చదవలేదు. మెర్సీ సంగతి మల్లేశానికి నేను చెప్పలేదు, మేడం చెప్పలేదు. అతనికి ఇంగ్లీషు రాదు. ఓడ దిగిన మొదటివాడితో మొదలుపెట్టి వరుసగా వచ్చి, ఆ అయిదుగురు కొడుకుల దగ్గరికి చేరాను. జాన్, నథానియల్, శామ్యూల్, ఏమస్, ఎలీషా.

మల్లేశం కళ్లు మూసుకుని పెడుతున్నాడు. అయిపోగానే కళ్లు తెరిచి, పళ్లెం చూసి, నా వైపు చూశాడు.

"ఈళ్లకు ఆడబిడ్డలు లేరా అక్కా?"

"లేరన్నా. పుస్తకంలో అయిదుమంది మొగపిల్లోళ్లే ఉండారు."

"మరి ఏడుగురున్నరు కదా."

ఆఖరి వరుసలో ఏడు గింజలున్నాయి. నాలుగో గింజకూ, చివరి గింజకూ మధ్య రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మిగతావి వేలెడు వేలెడు దూరంలో ఉన్నాయి. ఆ రెండే జంటగా ఉన్నాయి.

"మాకిట్ల జంటగ పెడితే కవలలని. ఒక కడుపుల ఒక్కపాలి పుట్టినోళ్లు" అన్నాడు. చేతులు పళ్లెం మీంచి వెనక్కి తీసుకున్నాడు. "నేను అయిదే పెట్టిన అక్కా. ఒట్టు."

నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాలంటే భయం వేసింది, నాకు భయం వేస్తే కోపంలా బయటికొస్తుంది. "నిదానంగా ఇంగొకసారి పెట్టన్నా, నేను చూస్తా" అన్నాను. అతనికి ఇష్టం లేదు. వంశం ఒక్కసారే చదవాలట. రెండోసారి చదివితే అది లెక్కే గానీ వంశం కాదట. బలవంతం మీద పెట్టాడు. నేను చేతినే చూస్తూ చదివాను. అయిదు పేర్లు, అయిదు గింజలు.

సరే, చెయ్యి జారి ఉంటుంది అనుకున్నాను. గింజలు అంటుకున్నాయేమో అనుకున్నాను, కానీ అవి కడిగినవి, పొడిగా ఉన్నాయి. అప్పుడు మేడం ఫోన్‌లో రికార్డు పెట్టింది. నా గొంతు, వెంట గింజ చప్పుడు. జాన్, టక్. నథానియల్, టక్. ఏమస్ అయ్యాక నేను ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. ఎలీషా, టక్. ఆ వరుసకు అయిదు చప్పుళ్లు. పళ్లెంలో ఏడు గింజలు.

మల్లేశం టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మేడం మాత్రం ఆ పళ్లెం ముందు చాలాసేపు కూర్చుంది. "ఇన్నేళ్లుగా ఒక్క పిల్ల కోసం వెతికాను. ఇద్దరి కోసం వెతకాలని ఎవరికి తడుతుంది?" అంది.

ఆవిడ దయ్యాల్ని నమ్మే రకం కాదు. ముందు పుస్తకంలో ఏళ్లు చూసింది. ఏమస్‌కూ ఎలీషాకూ మధ్య ఆరేళ్ల ఎడముంది. ఎలీషా తల్లి రెండో భార్య. అంటే మొదటి భార్య ఆ మధ్యలోనే పోయింది. అంత ఎడమున్న చోట ఒక కాన్పు జారిపోయి ఉండొచ్చని వంశాలు వెతికేవాళ్లందరికీ తెలుసట. తనకూ ఆ అనుమానం పాతదే. కానీ కవలలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత డీఎన్ఏ ఫలితాల పాత జాబితా తీసింది. తల్లి దారి పూర్తిగా కలిసిన కొద్దిమందిలో కెనడా తీరంలో ఉండే ఒకావిడ పేరు రెండేళ్లుగా అందులోనే ఉంది. ఆమె ఇచ్చిన వంశవృక్షం థాంక్‌ఫుల్ అనే ఒకామె దగ్గర ఆగిపోతుంది. ఆ రోజుల్లో వాళ్లు దయ, ఓర్పు, కృతజ్ఞత లాంటి గుణాలనే ఆడపిల్లలకు పేర్లుగా పెట్టేవాళ్లట. వేరే దేశం, వేరే ఊరు కదా, ఇంకా ఎంత వెనక కలిసిందోనని మేడం ఆమెను పట్టించుకోలేదు. ఇప్పుడు ఉత్తరం రాసింది.

పది రోజులకు జవాబు వచ్చింది. కెనడా ఆవిడ దగ్గర పాత ఇంటి బైబిల్లోంచి చింపి దాచిన ఒక కాగితం ఉంది. థాంక్‌ఫుల్‌ను పెంచుకుని, ఓడలో ఉత్తరానికి తీసుకెళ్లిన ఇంటివాళ్లు రాసుకున్నది. దాని ఫోటో పంపింది. నేను మేడం పక్కనే కూర్చుని చదివాను. ఒకే కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు. తల్లి ఆనాడే పోయింది. తండ్రి ఇద్దరినీ రెండిళ్లకు ఇచ్చాడు. మెర్సీని ఫలానా రైతు ఇంటికి, థాంక్‌ఫుల్‌ను మాకు. కింద ఆ తండ్రి పూర్తి పేరు ఉంది. పుస్తకంలో ఉన్న పేరే. రైతు పేరు ఆవూ పరుపూ రాసిచ్చిన ఆయనదే.

మేడం ఏడ్చింది. నేనూ ఏడ్చాను. రక్తం ఒక్కటే అయితే కమిటీ ఒప్పుకునేది కాదు, కాగితం ఒక్కటే అయినా ఒప్పుకునేది కాదు. రెండూ చేతిలో ఉన్నాయి. ఆవిడ మర్నాడే పంపింది. రంగురంగుల ఫైళ్లన్నీ సర్ది, తరం తర్వాత తరం, ఒక్క వేలు పెట్టి చూపించడానికి సందు లేకుండా. ఇంత ఓపిక ఉన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, ఇకమీద చూస్తానని కూడా అనుకోను.

అయిదు వారాలకు ఒప్పుకున్నట్టు జవాబు వచ్చింది. ఇద్దరికీ చోటు.

ప్రయాణం రోజు మేడం మల్లేశాన్ని పిలిచి రెండు చేతులూ పట్టుకుంది. అతను సిగ్గుపడి, "మంచిగ పోయిరా మేడం" అని తెలుగులోనే అన్నాడు. ఆవిడకు అర్థమైంది. తల్లి డబ్బాను శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. డిక్కీలో పెట్టనివ్వలేదు.

ఆగస్టులో నాకు ఫోన్ వచ్చింది. చేసింది ఆ కెనడా ఆవిడ. మేడం వెళ్లాక ఆమె వచ్చి మూడు వారాలు వెంట ఉందట. "పొద్దున్నే పోయింది. చెయ్యి నా చేతిలోనే ఉంది. వాళ్లమ్మను పెట్టిన పక్కనే పెట్టాం" అంది. దగ్గరి బంధువు పేరు దగ్గర గీత కొట్టిన మనిషికి చివర్లో పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరికింది. నేను ఆ రోజు క్లినిక్‌లో ఒక్క ఫైలూ తెరవలేకపోయాను.

సాయంత్రం డ్యూటీ అయ్యాక మల్లేశం దగ్గరికి వెళ్లి చెప్పాను. పైపు కింద పెట్టి, నీళ్లు కట్టేసి, గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా రాగం తీశాడు. ఓడ దిగినవాడి దగ్గర్నుంచి మొదలుపెట్టి, అయిదుగురు కొడుకులు, ఇద్దరు ఆడబిడ్డలు, మెర్సీ, ఆమె కూతురు, ఆ కూతురి కూతురు, చివర మేడం తల్లి, మేడం. ఆ విదేశీ పేర్లు జగిత్యాల యాసలో ఎంత బాగున్నాయో చెప్పలేను. అబద్ధమాడను, మెర్సీ తర్వాతి పేర్లు మేడం వెళ్లేముందు నేనే అతనికి చదివి వినిపించాను. అది కూడా ఒక్కసారే.

గింజల రోజు రికార్డును మేడం నాకూ పంపింది, అది నా ఫోన్‌లో ఉంది. చాలాసార్లు విన్నాను. క్లినిక్‌లో చెవి పరీక్షలు చేసే అమ్మాయికి ఏమీ చెప్పకుండా వినిపించి, ఆ వరుసలో ఎన్ని చప్పుళ్లో లెక్కపెట్టమన్నాను. అయిదు అంది. అంతకుముందే పళ్లెంలో రెండు గింజలు ఉన్నాయంటారా? పళ్లెం తుడిచింది నేనే. మల్లేశానికి ముందే తెలుసంటారా? కెనడాలో ఎవరి పెట్టెలోనో ఉన్న కాగితం సంగతి అతనికెలా తెలుస్తుంది? ఆరేళ్ల ఎడం చూసి ఊహించాడంటారా? ఆ ఏళ్లు అతను విననేలేదు.

ఆ సాయంత్రం రాగం అయిపోయాక నేను మళ్లీ అడిగాను. "అన్నా, అల్లా సాక్షిగా నిజం చెప్పు. ఆ రెండు గింజలు ఎవురు పెట్టినారు?"

మల్లేశం చేతులకేసి చూసుకున్నాడు.

"నాకేమెరుక అక్కా. ఆ ఇంటి పెద్దలు గూడ ఆళ్ల పోరీలను దేవులాడుతున్నరు గావచ్చు. మనం మేడమొక్కతే ఎతుకుతున్నదనుకున్నం."

అని లేచి, మళ్లీ నీళ్లు తిప్పాడు. ఎంత ఆలోచించినా ఆ మాటకు ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.